ఇంటిపై రేకుల కప్పు

తెలుగులో 'కప్పు' అనే మాట నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. ఇంటిని కప్పి ఉంచేది కప్పు. ఆ పనికి మనవారు ఏయే ప్రాంతంలో ఏది చేతికందితే దానినే వాడుకున్నారు. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్ళకు తాటాకు, రెల్లుగడ్డి కప్పు అయినాయి. రాయలసీమలో మట్టిమిద్దెలు వెలసినాయి. తెలంగాణ పల్లెలలో కుమ్మరి చేసిన గూనపెంకు ఇంటికి నీడనిచ్చింది. 19వ శతాబ్దంలో మంగుళూరు కర్మాగారాలనుండి వచ్చిన బంగళాపెంకు ఆ తరువాత కలిగినవారి ఇండ్లపైకి ఎక్కింది. లోహపు కప్పు మాత్రం చాలాకాలం దేవుడి సొత్తుగానే ఉండిపోయింది. తిరుమల ఆనందనిలయ విమానానికి పసిడిపూత రేకులు, కేరళ ఆలయాల కప్పులకు రాగిరేకులు అందుకు నిదర్శనాలు. సామాన్యుని ఇంటిపైకి లోహం రావడానికి రాగి, బంగారాలు కాక ఇనుము కావలసివచ్చింది. ఆ ఇనుము తుప్పు పట్టకుండా ఉండటానికి మరొక లోహం తోడు కావలసివచ్చింది.

నేడు తాటాకు నేసేవారు అరుదైపోయినారు. సిమెంటు కాంక్రీటు స్లాబు వేయడానికి కావలసిన సొమ్ము అందరికీ సమకూడదు. మేడపై మరొక గది వేసుకోదలచినవారికి పాతగోడలు స్లాబు బరువును మోయగలవా అన్న శంక ఉండనే ఉంటుంది. ఇటువంటివారు రేకుల కప్పును ఆశ్రయిస్తున్నారు. అది తేలిక. అగ్గిపుల్లకు అంటుకోదు. రెండుమూడు రోజులలో పని ముగుస్తుంది. అయితే దుకాణంలో నిలబడి కొనేవాడు సాధారణంగా చూసేవి రెండే: రంగు, ధర. ఆ కప్పు పదిహేనేండ్లు నిలుస్తుందా, మూడేండ్లకే చిల్లులు పడుతుందా, మొదటి తుఫానుకే ఎగిరిపోతుందా అన్నది నిర్ణయించేవి కంటికి ఆనని మూడు విషయాలు. రేకుపైనున్న లోహపు పూత మందం మొదటిది. పూతకు లోపలనున్న ఉక్కు మందం రెండవది. రేకును ఇంటికి బంధించిన తీరు మూడవది.

పలుచని ఇనుపరేకు తన బరువుకు తానే వంగిపోతుంది. ఒక కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనగా పరిస్తే నడుము వంచి కూలుతుంది. అదే కాగితాన్ని విసనకర్రవలె మడతలు పెట్టి పరిస్తే పైన ఒక కలాన్ని సైతం మోస్తుంది. పదార్థం పెరగలేదు, దాని ఆకృతి మారిందంతే. ఈ సూత్రంతో ఇనుపరేకుకు అలల వంటి ముడతలు పెట్టే పద్ధతికి లండన్ డాక్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో హక్కుపత్రం పొందినాడు. కాని ముడతలు బలాన్నిచ్చినాయే గాని తుప్పును ఆపలేకపోయినాయి. 1837లో ఫ్రెంచి దేశపు ఇంజనీరు స్టానిస్లాస్ సొరెల్, ఇనుమును కరిగిన జింకులో ముంచి పూత పట్టించే పద్ధతికి హక్కు సంపాదించినాడు. నేడు కర్మాగారాలలో సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడిగల జింకు తొట్టిలోనుండి ఉక్కుపట్టీని నడిపి పూత వేస్తారు. మనవారు 'జి.ఐ. రేకు' అని పిలిచేది దీనినే.

ఈ జింకు మనకు కొత్తది కాదు. తెలుగులో దీనిని తుత్తునాగమంటారు, సంస్కృతంలో యశదమంటారు. వేడి చేస్తే ఆవిరైపోయే ఈ లోహాన్ని ఖనిజంనుండి రాబట్టడం కష్టమైన విద్య. రాజస్థాన్‌లోని ఉదయపూర్ సమీపాన జావర్ వద్ద ఆ ఆవిరిని పట్టి చల్లార్చి జింకు తీసిన పురాతన కొలుముల శిథిలాలు నేటికీ ఉన్నాయి. 'రసరత్నసముచ్చయం' అనే రసశాస్త్ర గ్రంథం ఈ ప్రక్రియను వర్ణించింది. పూర్వం వైద్యులు, లోహకారులు భద్రపరచుకొన్న విద్య ఇప్పుడు పూరింటివాని కప్పుకు పనికివస్తున్నది.

జింకు పూత ఇనుమును రెండు విధాల కాపాడుతుంది. పైన కప్పుకొని గాలిని, నీటిని తాకనీయకపోవడం మొదటి విధం. రంగైనా ఆ పని చేయగలదు. రెండవ విధంలోనే జింకు గొప్పదనమున్నది. రేకుపై గీత పడి లోపలి ఇనుము బయటపడినప్పుడు, తడి తగిలితే ఇనుముకన్న ముందుగా పక్కనున్న జింకే క్షయిస్తుంది. తాను కరగుతూ ఇనుమును నిలుపుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు దీనిని త్యాగరక్షణ అన్నారు. ఈ మాట కవిత్వంగా తోచవచ్చు గాని ఇది అచ్చమైన విద్యుత్ రసాయన చర్య. అయితే త్యాగం చేయడానికి జింకు మిగిలి ఉన్నంతవరకే ఈ రక్షణ. కనుక ఎంత జింకు ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

దీనిని కొలిచే పద్ధతి ఒకటున్నది. చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాముల జింకు ఉన్నదో చెబుతారు. భారతీయ ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 277 ప్రమాణం ఈ పూతలను తరగతులుగా విభజించింది. వాటిలో 120 గ్రాముల తరగతి ఉన్నది, 275 గ్రాముల తరగతీ ఉన్నది. రెండు రేకులూ దుకాణంలో ఒకేలా మెరుస్తాయి. లెక్క వేస్తేనే భేదం తెలుస్తుంది. 120 గ్రాముల పూత ఒక్కొక్క వైపు సుమారు 8 మైక్రాన్ల మందం ఉంటుంది. 275 గ్రాముల పూత 19 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. వాన తక్కువగా ఉండి గాలి పొడిగా వీచే మెట్టప్రాంతాలలో జింకు ఏడాదికి ఒక మైక్రానుకు లోపుగానే తరుగుతుంది. అక్కడ పలుచని పూత సైతం చాలా ఏండ్లు నిలుస్తుంది. ఉప్పుగాలి నేరుగా సోకే సముద్రతీరంలో ఏడాదికి 4 నుండి 8 మైక్రాన్ల వరకు తరిగిపోవచ్చు. అనంతపురం మెట్టలో ఒక తరంపాటు మన్నగల రేకు అంతర్వేది తీరంలో రెండేండ్లకే ఎఱ్ఱబారవచ్చునన్నమాట. "మా బావమరిది ఇంటిపై వేసిన రేకు బాగుంది, అదే వేద్దాం" అనుకోవడం ఇందువల్లనే ప్రమాదకరం. బావమరిది ఇల్లు సముద్రానికి ఎంత దూరమో ముందుగా చూసుకోవాలి.

తీరప్రాంతాలలో మరొక విశేషం కనబడుతుంది. రేకు పైభాగంకన్న అడుగుభాగం, అందులోనూ చూరు కింది భాగం, ముందుగా తుప్పు పడుతుంది. పైన పేరుకొన్న ఉప్పును వాన కడిగివేస్తుంది. చూరు కింద చేరిన ఉప్పును కడిగేవారుండరు. కొన్ని నెలలకొకసారి చూరు అడుగును మంచినీటితో కడగడం చిన్న పనే అయినా రేకు ఆయుష్షును పెంచుతుంది.

1972లో అమెరికాలోని బెత్లహాం స్టీల్ సంస్థ మరొక పూతను విపణిలోకి తెచ్చింది. ఇందులో 55 శాతం అల్యూమినియం, సుమారు 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ ఉంటాయి. అల్యూమినియం కవచమై నిలుస్తుంది, జింకు త్యాగరక్షణ నిస్తుంది. గాల్వాల్యూమ్ అని వ్యవహరించే ఈ రేకు అంతే మందంగల జింకు రేకుకన్న సాధారణంగా రెండుమూడు రెట్లు ఎక్కువ కాలం మన్నుతుంది. అల్యూమినియం తేలిక కావడంవల్ల 150 గ్రాములతోనే ఒక్కొక్క వైపు 20 మైక్రాన్ల పూత ఏర్పడుతుంది. మనదేశంలో దీనికి ఐ.ఎస్. 15961 ప్రమాణమున్నది. తీరానికి చేరువగా ఇల్లు కట్టుకొనేవారు ఈ రేకుపై రంగుపూత కూడా ఉన్నదానిని ఎంచుకోవడం యుక్తం. అయితే దీనికీ శత్రువులున్నారు. పశువుల కొట్టంలో పేడ, మూత్రాల నుండి లేచే అమ్మోనియా ఈ పూతను తినివేస్తుంది. తడి సిమెంటు, సున్నంలోని క్షారం కూడా అంతే. మేస్త్రీ గోడకు, రేకుకు మధ్య సందును సిమెంటుతో పూడ్చి వెళ్తే, ఆ అంచు వెంబడే కొన్నాళ్ళకు చిల్లులు తేలుతాయి. అక్కడ సిమెంటు కాక, వంచిన రేకుపట్టీని అమర్చి రబ్బరువంటి జిగురుతో మూయాలి. రాగిగొట్టం మీదుగా వచ్చిన నీరు రేకుపై పడటం కూడా చేటే.

రంగు విషయంలో ఎక్కువ చెప్పవలసినది లేదు. కర్మాగారంలో కాల్చి పట్టించిన రంగు చేతితో పూసినదానికన్న నిలుస్తుంది. కాని రంగు కింద ఏ పూత ఉన్నదో అడగకుండా రంగురేకు కొనడం అట్ట చూసి పుస్తకం కొనడమే.

ఇక ఉక్కు మందం. వ్యాపారులు దీనిని గేజులలో చెబుతారు. గేజు సంఖ్య పెరిగేకొద్దీ మందం తగ్గుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. బ్రిటిషు ప్రామాణిక తీగ గేజు ప్రకారం 24 గేజు అంటే 0.56 మి.మీ., 26 అంటే 0.46 మి.మీ., 28 అంటే 0.38 మి.మీ. కనుక గేజు మాట విడిచి మిల్లీమీటర్లలోనే అడగాలి. అక్కడా ఒక మెలిక ఉన్నది. '0.50' అని చెప్పిన రంగురేకులో ఆ కొలత లోహపు పూతను, రంగును కలిపి చెప్పినదైతే, అసలు ఉక్కు 0.42 లేదా 0.45 మాత్రమే ఉండవచ్చు. బరువును మోసేది ఉక్కే గాని రంగు కాదు. దీనిని పట్టుకోవడానికి తూనిక చాలు. 0.50 మి.మీ. ఉక్కు చదరపు మీటరుకు దాదాపు 3.9 కిలోలు తూగుతుంది. ముడతలు వేయకముందు 1.22 మీటర్ల వెడల్పు ఉన్న పట్టీనుండి చేసిన 3 మీటర్ల రేకు 14 కిలోలకు పైగా తూగాలి. ఉక్కు 0.40 మాత్రమే ఉంటే పదకొండున్నర కిలోల దగ్గర ఆగుతుంది. ఇంటికి ఇరవై రేకులు కొనేవాడు ఒక్క రేకును కాటాపై పెట్టించుకోవడంలో తప్పులేదు. నిజాయితీగల వ్యాపారి కాదనడు.

మూడవ విషయం బంధనం. ప్రాణాలతో ముడిపడినది ఇదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది అసువులు బాసినారు. తాటాకు గుడిసెలు ఆనవాళ్ళు లేకుండా పోయినాయి. ఆ తరువాత తీరంలో గట్టి గోడల ఇండ్లు పెరిగినాయి, గాలి మాత్రం మారలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలివేగం గంటకు 180 కిలోమీటర్లకు చేరువైనది. ఆనాడు నగరంలో ఇండ్ల మీది రేకులు, కర్మాగారాల షెడ్ల రేకులు కాగితాలవలె లేచిపోయినాయి. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానానికి అదే అనుభవాన్ని మిగిల్చింది. ఎగిరిన రేకు తన యజమానిని వానపాలు చేయడంతో ఆగదు. అది గాలిలో తిరిగే కత్తి. దారిన పోయేవాని మెడకు ఏది తగిలినదో చూసేలోపే అనర్థం జరిగిపోతుంది.

గాలి కప్పును కిందికి అణచుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి వాలు తక్కువగల కప్పుమీదుగా గాలి వేగంగా ప్రవహించినప్పుడు పైన పీడనం తగ్గి కప్పు పైకి లేస్తుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 విశాఖపట్నం వంటి తీరప్రాంతాలకు సెకనుకు 50 మీటర్ల గాలివేగాన్ని, హైదరాబాదుకు 44 మీటర్ల వేగాన్ని ప్రాతిపదికగా నిర్దేశించింది. వేగాన్ని వర్గం చేసి 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుపై ఎన్ని న్యూటన్ల పీడనం కలుగుతుందో తెలుస్తుంది. 50 మీటర్లకు అది 1500 న్యూటన్లు, అనగా సుమారు 150 కిలోల బరువుకు సమానం. 6 మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పుగల ఇంటికప్పు 27 చదరపు మీటర్లు. కప్పు ఆకృతినిబట్టి ఈ లెక్క కొంత మారినా, దానిని పైకి లాగే బలం నాలుగు టన్నుల దరిదాపులలో ఉంటుంది. ఆ రేకుల బరువో, చదరపు మీటరుకు 5 కిలోలనుకొన్నా 135 కిలోలు. బంగళాపెంకులైతే చదరపు మీటరుకు దాదాపు 40 కిలోలు తూగుతాయి. రేకుకు మెచ్చదగిన గుణమైన తేలికదనమే గాలివేళ దానికి దోషమవుతున్నది.

ఈ లెక్క తెలిసినవారికి రేకులపై రాళ్ళు, ఇసుకబస్తాలు పెట్టే అలవాటు ఎంత వ్యర్థమో చెప్పనక్కరలేదు. నాలుగు టన్నుల బలానికి పది రాళ్ళు అడ్డుకావు. పైగా రేకుతోపాటు అవీ ఎగిరి పొరుగువారి నెత్తిన పడతాయి.

కప్పును నిలిపేది ఒక గొలుసు. రేకు వాసానికి, వాసం దూలానికి, దూలం గోడకు, గోడ పునాదికి బిగిసి ఉండాలి. అన్నింటిలోనూ బలహీనమైన కొక్కెమెక్కడ ఉంటే గొలుసు అక్కడే తెగుతుంది. మన పల్లెలలో ఆ కొక్కెం తరచుగా దూలానికి, గోడకు మధ్య ఉంటుంది. ఇనుపగొట్టాన్ని ఇటుకలమీద ఊరక ఆనించి చుట్టూ సిమెంటు పూస్తారు. గాలివాన నాడు రేకులు, గొట్టాలు కలిసి ఒక్క చాపగా లేస్తాయి. గోడపైన కాంక్రీటు పట్టీ పోసి, అందులో పాతిన బోల్టులకు దూలాన్ని బిగించాలి. రేకు వాసాన్ని కలిసేచోట పాతకాలపు జె-బోల్టు కొక్కెం బలంగా లాగినప్పుడు విచ్చుకొంటుంది. రెండు కాళ్ళతో పట్టుకొనే యు-బోల్టు తీరప్రాంతానికి మేలు. రబ్బరు వాషరుతో వచ్చే స్క్రూలు వాడినప్పుడు వాటి సంఖ్యలో పొదుపు పనికిరాదు. గాలి లాగుడు కప్పు నడుమకన్న అంచులలో, మూలలలో అధికం. అందుకే చూరు, నడికొప్పు, పక్క అంచుల వెంబడి ప్రతి ముడతకు ఒక స్క్రూ ఉండాలి. మధ్యలో ఒకటి విడిచి ఒకటి సరిపోతుంది. స్క్రూ పూత కూడా రేకు పూతకు సాటి రావాలి. ముప్పైయేండ్ల రేకుకు మూడేండ్ల స్క్రూ బిగించినవారు మూడేండ్ల కప్పునే వేసుకొన్నారు.

ఇంటి రూపమూ గాలికి సంబంధించినదే. నాలుగువైపులా వాలిన కప్పు రెండువైపుల కప్పుకన్న గాలిని బాగా తట్టుకొంటుంది. వాలు 22 నుండి 30 డిగ్రీల మధ్య ఉంటే లాగుడు తగ్గుతుంది. చూరు అడుగున్నరకు మించి బయటికి రాకూడదు. నీడకోసం వరండా కావాలనుకొనేవారు దానికి వేరే కప్పు వేసుకోవాలి. అప్పుడు వరండా ఎగిరినా ఇల్లు మిగులుతుంది. తుఫాను వేళ గాలి వీచే వైపు తలుపు తెరిస్తే లోపల చేరిన గాలి కప్పును కిందినుండి నెడుతుంది. పాడైన గడియ ఒక్కటి చాలు కప్పు పోవడానికి.

సముద్రానికి దూరమైన జిల్లాలలో వేధించేది గాలికన్న ఎండ. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో రేకు వేడి 60 డిగ్రీలు దాటుతుంది. దాని కింద మంచమున్న పసిపాపకు, ముసలివారికి అది నిప్పుల కుంపటే. తెల్లని లేక లేతరంగు రేకు ఎండలో అధికభాగాన్ని తిప్పికొడుతుంది. ముదురు ఎరుపు, ఆకుపచ్చ రంగులు కంటికి ఇంపుగా ఉన్నా మన ఎండలకు తగినవి కావు. భవనాల కప్పులు వేడిని తిప్పికొట్టేలా ఉండాలన్న ఉద్దేశంతో తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. రేకు కింద ఒక జానెడు ఖాళీ విడిచి తడికెలతోనో పలకలతోనో లోకప్పు వేసి, ఆ ఖాళీలోని వేడిగాలి నడికొప్పు వద్ద బయటికి పోయే దారి చూపితే గది చాలావరకు చల్లబడుతుంది. వానచప్పుడు కూడా తగ్గుతుంది. రేకుపైన వరిగడ్డి పరచడం మాత్రం మంచిది కాదు. తొలకరికి తడిసిన గడ్డి నెలలతరబడి ఆరక జింకును తినివేస్తుంది.

లోహపు కప్పు పిడుగును పిలుస్తుందన్న భయం కొందరికి ఉన్నది. పిడుగు ఎత్తునుబట్టి, పరిసరాలనుబట్టి పడుతుంది గాని రేకునుబట్టి కాదు. భయపడవలసినది ఇంటికి వచ్చే కరెంటు తీగను చూసి. రేకు అంచుకు ఒరుసుకొని తీగ తొడుగు చిరిగితే కప్పు మొత్తానికి విద్యుత్తు పాకుతుంది. ఆ కప్పు గొట్టానికి కట్టిన ఇనుపతీగ దండెంపై తడిబట్టలు ఆరవేయబోయిన ఇల్లాలు ప్రాణాలు పోగొట్టుకొన్న వార్తలు ప్రతి వర్షాకాలంలోనూ వినబడుతూనే ఉంటాయి. తీగను కప్పుకు తాకకుండా గొట్టంలోనుండి తీసుకొనిరావాలి. కప్పుకు భూసంధానం చేయించాలి. దండేనికి నూలుతాడో నైలానుతాడో వాడాలి.

పాత సిమెంటు రేకులను తీసి లోహపు రేకులు వేసేవారు మరొక జాగ్రత్త వహించాలి. ఆ సిమెంటు రేకులలో చాలావాటియందు ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చిపెడుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. వాటిని సుత్తితో పగలగొట్టరాదు. నీటితో తడిపి, బోల్టులు విప్పి, పూర్తి రేకులుగానే కిందికి దించాలి. ముక్కలను పిల్లలు ఆడుకొనేచోట పోయరాదు.

కొత్త రేకులు ఇంటికి చేరిన తరువాత వాటిని నేలపై కట్టగా పడవేసి వానకు వదిలితే, రేకుల నడుమ చేరిన తడివల్ల జింకుపై తెల్లని బూజువంటిది లేస్తుంది. ఇది జింకు తుప్పే. దిమ్మెలపై కొంచెం వాలుగా పేర్చి కప్పి ఉంచాలి. బిగించేటప్పుడు తిరిగే రాతిచక్రపు యంత్రంతో కోస్తే నిప్పురవ్వలు పూతను కాల్చివేస్తాయి కనుక రేకు కత్తెరతోనే కోయాలి. స్క్రూలు దించినప్పుడు రాలే ఇనుపరజను రేకుపైనే ఉండిపోతే, రాత్రి మంచుకే తుప్పుపట్టి కొత్త కప్పుపై ఎఱ్ఱని చుక్కలు తేలుతాయి. పనివారు నిచ్చెన దిగేముందే, ఆ సాయంకాలమే, మెత్తని చీపురుతో కప్పంతా ఊడ్పించాలి.